మొహం చూడని తొమ్మిది రోజులు

రామాంజి తన కూతుర్ని తొమ్మిది రోజులు రొమ్ము మీద మోశాడు. మొహం మాత్రం చూడలేదు. చూడనని తల్లికి ఒట్టు వేశాడు. మోయకపోతే బిడ్డ దక్కదని ఆసుపత్రివాళ్లు చెప్పారు. రెండు మాటలూ ఒకే పూట అతని నెత్తిన పడ్డాయి.

అది 2006వ సంవత్సరం, మార్గశిరం మొదట్లో. రామాంజి బేతంచెర్ల దగ్గర ఒక నాపరాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. ఇరవై ఆరేళ్లవాడు. భార్య శివలీల సొంత మేనమామ కూతురే, తల్లి లేని పిల్ల. ఆమెకు ఏడో నెల నిండేసరికి కాళ్లు వాచాయి, తల పగిలిపోతోందనేది, కళ్లు మసకలంటూ గోడ పట్టుకుని నడిచేది. ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కి విరుచుకుపడి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. గుర్రపువాతం అన్నారు ఇరుగుపొరుగు. ఫ్యాక్టరీ జీపులో ఆమెను పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని, రామాంజి పట్నంలోని సర్కారు ఆసుపత్రికి చేర్చాడు. వెంట అతని తల్లి హంపమ్మ ఉంది. దారిపొడుగునా ఆమె దగ్గుతూనే ఉంది, దేవుళ్లను పిలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం లోపల కడుపు కోసి బిడ్డను తీశారు. శివలీలకు స్పృహ రాలేదు.

హెడ్డు నర్సు సంతోషమ్మ బయటికొచ్చింది. యాభై దాటిన మనిషి, నడకలో తొందర ఉండదు, మాటలో నాన్చుడు ఉండదు.

"ఎవురప్పా శివలీల మనిషి?"

"నేనే సిస్టరమ్మా. దాని మొగుణ్ని."

"ఆడపిల్ల. ఊపిరుండాది. పన్నెండొందల గ్రాములు తూగినాది. రా, డాక్టరమ్మ మాట్లాడల్లంట."

పిల్లల డాక్టరు పద్మప్రియ ఆ ఆసుపత్రికి వచ్చి ఏడాది కూడా కాలేదు. వయసులో రామాంజి కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ఆమె దాచకుండా చెప్పింది. బిడ్డలను వెచ్చగా ఉంచే మిషన్ అక్కడ ఒకటే ఉంది, అందులో ఇప్పటికే ఇద్దరున్నారు. కరెంటు పోతే అదీ చల్లబడుతుంది. కర్నూలుకు పంపుదామంటే బిడ్డ దారిలోనే చల్లబడిపోతుందేమోనని భయం.

"ఇంత చిన్న బిడ్డకు ముందు కావలసింది వెచ్చదనం. మనిషి ఒంటిని మించిన మిషన్ లేదు. తల్లి రొమ్ము మీద, మధ్యలో గుడ్డ కూడా అడ్డం లేకుండా, బిడ్డను నిలువుగా పడుకోబెట్టి కట్టేస్తాం. రాత్రీ పగలూ అలాగే ఉండాలి. చాలా దేశాల్లో చేస్తున్నారు, నేను చదువుకున్న చోటా చూశాను. తల్లికి తెలివి లేదు కాబట్టి ఇంకెవరైనా ఒళ్లివ్వాలి. ఇంట్లో ఆడవాళ్లెవరున్నారు?"

రామాంజి తల్లిని చూపించాడు. హంపమ్మ అప్పుడే దగ్గింది. ఆమె క్షయ మందులు మొదలుపెట్టి నెల కూడా కాలేదని తెలిసి డాక్టరు తల అడ్డంగా ఊపింది. శివలీల తల్లి ఏనాడో పోయింది. దగ్గర్లో ఇంకెవరూ లేరు.

"మరి నువ్వున్నావు కదయ్యా?" అంది డాక్టరు.

రామాంజికి అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. "నేనా? మగోన్ని మేడం."

"మగవాడికి ఒళ్లు వేడిగా ఉండదా?"

అతను ఏమీ అనకముందే హంపమ్మ అతని మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. ఆమె అప్పటికే గేటు దగ్గరి కాయిన్ ఫోన్ నుంచి ఊళ్లో పంచాంగం చూసే స్వామితో మాట్లాడి వచ్చింది.

"మూలా నక్షత్రమంట రా. తండ్రికి గండమంట. ఇరవై ఏడు రోజులు నువ్వు ఆ బిడ్డ మొగం చూడగూడదు. శాంతి చేయించినాంక, నూనెలో నీడ చూసి, అప్పుడు చూడాల. నీకు మీ నాయన గ్యాపకం లేదా?"

జ్ఞాపకం లేకేం. అతనికి ఏడేళ్లప్పుడు చెల్లెలు పుట్టింది, ఇదే మూలలో. నాయనకు అలాంటి పట్టింపులు లేవు. పుట్టిన గంటకే బిడ్డను ఎత్తుకుని నవ్వాడు. పదకొండో రోజున రాళ్ల గనిలో పలక కింద పడి పోయాడు. ఆ చెల్లెలి పేరు ఉరుకుందమ్మ. నాయన్ని మింగిన బిడ్డ అని ఊరంతా అంది. హంపమ్మ కూడా అంది. పిల్లను అవ్వగారింటికి పంపేశారు, అక్కడే పెరిగింది, రెండేళ్ల కింద ఆత్మకూరుకు ఇచ్చి చేశారు.

"నాకుండేది నువ్వొక్కనివే రామాంజీ. నా తల మీద చెయ్యి పెట్టు" అంది హంపమ్మ. అతను తల్లి తల మీద చెయ్యి పెట్టి, చూడనని చెప్పాడు.

తిరిగి లోపలికి వచ్చి, గోడ వైపు తిరిగి నిలబడి సంతోషమ్మకు ఈ సంగతంతా చెప్పాడు. ఆమె కోప్పడుతుందనుకున్నాడు. నక్షత్రమూ లేదు, ఏమీ లేదు అంటుందనుకున్నాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"చూడొద్దన్న్యాది. ఎత్తుకోవద్దన్న్యాదా?"

"అట్లేం అనలా."

"అయితే చూడొద్దులే. మొయ్యి. రొమ్ము మీదుండే బిడ్డ మొగం మోసేవాళ్లకు యాడ కనపడతాది? పో, స్నానం చెయ్యి."

ఆమె అతనికి సగం సబ్బుబిళ్ల, బక్కెట్టు వేడినీళ్లు ఇప్పించింది. చెవుల్లో, బొడ్డులో, గోళ్ల సందుల్లో ఉన్న రాతిపిండి అంతా పోయేదాకా రుద్దుకోమంది. రెండుసార్లు వెనక్కి పంపింది. ఎంత రుద్దినా అరచేతులు మాత్రం ఉప్పుకాగితంలాగే ఉన్నాయి. "చేతులు బిడ్డకు తగలనీయొద్దు, గుడ్డ మీదనే పట్టుకో. రొమ్ము మెత్తగానే ఉండాదిలే" అంది.

బాలింతల వార్డు చివర, కిటికీ పక్కన ఒక మంచం వేసి, రెండు సెలైను స్టాండ్ల మధ్య పాత చీర కట్టి మరుగు చేశారు. రామాంజి దిండ్లకు ఆనుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. సంతోషమ్మ బిడ్డను తెచ్చి అతని రొమ్ము మీద పెట్టింది. ఒక చల్లటి చిన్న కప్ప ఎక్కి కూర్చున్నట్టు అనిపించింది అతనికి. కాళ్లు రెండు పక్కలకూ మడిచి, తల ఒక పక్కకు తిప్పి, నెత్తిన టోపీ సర్ది, పొడుగాటి గుడ్డతో ఇద్దర్నీ కలిపి చుట్టి ముడివేసింది.

అతను ఊపిరి తీయడానికే భయపడ్డాడు.

"ఊపిరి తియ్యప్పా. నువ్వు తీస్తేనే అదీ తీస్తాది" అంది సంతోషమ్మ.

అరగంటకు ఆ చల్లదనం పోయింది. గంటకు బిడ్డ ఎక్కడుందో, తన ఒళ్లు ఎక్కడుందో అతనికి తేడా తెలియలేదు. కళ్లు తెరిచి ఎదురుగా గోడ మీదున్న పోలియో చుక్కల బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. ఆ బొమ్మలో తల్లి చీరకు ఎన్ని పువ్వులున్నాయో ఆ తొమ్మిది రోజుల్లో అతనికి కంఠతా వచ్చేసింది.

మొదటి రెండు రోజులు వార్డులో ఆడవాళ్లు గొణిగారు. మగోడు ఇక్కడేంది, మేము బిడ్డలకు పాలెట్ల ఇచ్చేది అన్నారు. సంతోషమ్మ మంచం మంచానికీ పోయి చెప్పింది. "ఆయప్ప కండ్లు గోడకు అంటించుకోనుండాడు. సొంత బిడ్డనే చూడనోడు మిమ్మల్ని చూస్తాడా?" ఆ మాటకు ఎవరో నవ్వారు. ఆ తర్వాత గొణుగుడు తగ్గింది, వేళాకోళం మొదలైంది. బాలింతప్ప అని పేరు పెట్టారు. పక్క మంచం మీద మనవరాలికి కాన్పు చేయించడానికి వచ్చిన ముసలామె ఒకతి ఉండేది. అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ఆమె ఒక పొద్దున చీర తెర పక్కకు జరిపి, అతని చెవుల్లో దూది పెట్టి, తలకు తువ్వాలు చుట్టి, "చలిగాలి తగలగూడదు బాలింతకు" అని కాన్పయినవాళ్లకు పెట్టే కాయం ఉండ నోట్లో పెట్టింది. రామాంజి సిగ్గుతో మింగేశాడు. ఆ మంటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వార్డంతా పడి పడి నవ్వింది.

పాలు శివలీలవే. మూడో రోజు నుంచి, ఆమె మత్తులో ఉండగానే సంతోషమ్మ పాలు పిండి తెచ్చేది. మొదట ముక్కులో సన్నటి గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసేవాళ్లు. ఆ సమయంలో రామాంజి పైకప్పు వైపు చూసేవాడు. బిడ్డ గుటక వేయడం అతని రొమ్ముకు తెలిసేది.

ప్రతి పొద్దునా తూకం వేసేవాళ్లు. మొదట్లో రోజురోజుకూ తగ్గింది. ఐదో రోజుకు పదకొండొందలకు దిగింది. తన ఒంట్లోనే ఏదో లోపం ఉందేమోనని రామాంజి కుమిలిపోయాడు. అందరు బిడ్డలూ మొదటి వారం తగ్గుతారని డాక్టరు చెప్పినా నమ్మలేదు. ఎనిమిదో రోజున ముల్లు ఇరవై గ్రాములు పైకి పోయిందని సంతోషమ్మ చెప్పినప్పుడు, ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు.

బిడ్డ ఎవరి పోలిక అని ఎవరైనా అడిగితే "తెల్దు" అనేవాడు. అది విని పెద్దక్కకు జాలి వేసింది. ఆమె రోజుకో సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ముక్కు నీదే అనేది. గడ్డం మీద చిన్న గుంట ఉండాది, అది యాడిదో తెల్దు అనేది. కనుబొమ్మలు ఇంకా మొలవలేదు అనేది. రామాంజి వింటూ కూర్చునేవాడు. బిడ్డ వీపు మీది నూగు అతనికి తెలుసు, మడమ తెలుసు, నిద్రలో ఉలిక్కిపడ్డప్పుడు వేళ్లు ఎలా విచ్చుకుంటాయో తెలుసు. తెలియంది ఆ ఒక్కటే.

సంతోషమ్మ మాత్రం ఒక మాట గట్టిగా చెప్పి ఉంచింది. "ఇంత చిన్న బిడ్డలు ఒక్కోతూరి ఊపిరి తీసేది మర్చిపోతారప్పా. మనం గ్యాపకం చేయాల. కదలకుంటే అరికాలు రుద్దు. పెదాలు నల్లబడినాయేమో చూడు. ఆ పొద్దు మాత్రం నీ ఒట్టూ గిట్టూ నాకు చెప్పొద్దు."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సంతోషమ్మ కాన్పుల గదిలో ఉంది. మిషన్ లోని ఇద్దరు బిడ్డలను వాళ్ల తల్లుల ఒంటికి చేర్చడానికి ఆయా పరుగెత్తింది. వార్డులో అన్నాల వేళ, అందరూ వసారాలో ఉన్నారు. రామాంజికి కునుకు పట్టింది.

మెలకువ ఎందుకు వచ్చిందో అతనికి వెంటనే తెలియలేదు. చప్పుడేమీ లేదు. రొమ్ము మీద ఏదో తక్కువైంది. రోజూ తన ఊపిరికి అడ్డంగా, గబగబా తగిలే ఆ చిన్న ఊపిరి తగలడం లేదు.

"పాపా" అన్నాడు. వీపు మీద గుడ్డ పైనుంచి తట్టాడు. కదల్లేదు. "సిస్టరమ్మా!" అని కేకవేశాడు. ఎవరూ రాలేదు.

అతను తల వంచి చూశాడు.

టోపీ కింద మొహం అతని గుప్పిటంత కూడా లేదు. కళ్లు మూసి ఉన్నాయి. పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లగా ఉన్నాయి. రామాంజి ముడి సందులోంచి చెయ్యి దూర్చి, మడమ పట్టుకుని, బొటనవేలితో అరికాలు రుద్దాడు. రాయి రుద్ది రుద్ది గరుకెక్కిన వేలు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. "తియ్యి తల్లీ, ఊపిరి తియ్యి, తియ్యి" అంటూనే ఉన్నాడు. మొహం మీంచి చూపు తిప్పలేదు. నాలుగోసారి ఆ గరుకుకు బిడ్డ కాలు వెనక్కి లాక్కుంది. నోరు తెరిచింది. ఒక వెక్కు వచ్చింది, తర్వాత పిల్లి కూత లాంటి ఏడుపు. పెదాల నలుపు మెల్లగా విడిచి, ఎరుపు తేలింది.

సంతోషమ్మ పరుగున వచ్చేసరికి రామాంజి బిడ్డకంటే ఎక్కువగా ఏడుస్తున్నాడు. ఆమె బిడ్డను పరీక్షగా చూసింది, డాక్టరును పిలిపించింది, మందు మొదలుపెట్టారు. అంతా సద్దుమణిగాక రామాంజి అన్నాడు: "చూసేసినా సిస్టరమ్మా."

"చూసి మంచిపని చేసినావు" అంది ఆమె.

"గడ్డం మీద గుంట మా చెల్లెలిది."

ఆ సాయంత్రం అతను బిడ్డను ఆయాకు అప్పగించి తల్లి దగ్గరికి పోయాడు. హంపమ్మ శివలీల ఉన్న వార్డు బయట, మెట్ల మీద కూర్చుని ఉంది. జరిగింది చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంక పనికి పోవద్దు. గని చుట్టుపక్కలకు పోవద్దు" అంది.

"మా, ఒక మాట చెప్తా విను. నాయన పోయిన రోజు నేను ఆడనే ఉంటి. అన్నం తీసకపోయింటి. పలకకు కట్టిన తాడు తెగినాది. అంతకు ముందే అది పురి విడిచి, పోగులు పోగులుగా ఉండె. నేను నా కండ్లతో చూసినా. ఆ తాడును ఎవురూ ఏమీ అనలా. పదకొండు దినాల బిడ్డను అన్న్యారు."

"ఇన్నేండ్లు నాకు చెప్పలేదే రా?"

"చిన్నోన్ని. ఎవురడిగినారు మా నన్ను?"

అతను లోపలికి పోయాడు. శివలీలకు నాలుగో రోజునే తెలివి వచ్చింది గానీ చూపు వారం దాకా తేటపడలేదు. కోసిన చోట చీము పట్టి జ్వరం. బిడ్డ బతికుందని ఎవరు చెప్పినా ఆమె నమ్మలేదు, తనను ఓదార్చడానికి అంటున్నారనుకుంది. సంతోషమ్మ ఒకరోజు విసుక్కుని, "నీ పాలు రోజూ ఎవురికి పిండుతాండా అనుకున్న్యావు?" అంటేనే కాస్త నమ్మకం కుదిరింది. ఆ సాయంత్రం రామాంజి మంచం పక్కన కూర్చుని, బిడ్డ మొహం ఎలా ఉందో పూసగుచ్చినట్టు చెప్పాడు. శివలీల కళ్లు మూసుకుని వింది. "ఇంకోసారి చెప్పు బావా" అంది.

పన్నెండో రోజు పొద్దున రామాంజికి చలి జ్వరం వచ్చింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మలేరియా అన్నారు. జ్వరం తగ్గేదాకా బిడ్డను ఎత్తుకోకూడదన్నారు. చూశాడు, మూడోనాడు పడ్డాడు. స్వామి చెప్పిందే అయింది అనుకుని హంపమ్మ గోడకు తల కొట్టుకుంది.

రామాంజి వణుకుతూనే సంతోషమ్మను పిలిచి ఒక నంబరు చెప్పాడు. ఆత్మకూరులో చెల్లెలి ఇంటి పక్కనున్న టైలరు షాపుది. "ఉరుకుందమ్మను రమ్మను సిస్టరమ్మా. అన్న బిడ్డను ఎత్తుకోవాల, రా అను. అంతే చాలు."

ఆ ఒక్క పగలు పెద్దక్క మనవరాలు తన బిడ్డతో పాటు ఈ బిడ్డనూ ఒంటికి కట్టుకుంది. పొద్దు వాలుతుండగా ఉరుకుందమ్మ బస్సు దిగింది. పందొమ్మిదేళ్ల పిల్ల, చేతిలో ఒక గుడ్డసంచి. గేటు దగ్గరే తల్లి ఎదురైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. హంపమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. అంతే.

ఉరుకుందమ్మకు చెప్పడం కష్టం కాలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. స్నానం చేసి వచ్చి, రవికె విప్పి, బిడ్డను కట్టించుకుని కూర్చుంది. అన్న ఎంత మోశాడో అంతకు తక్కువ కాకుండా మోసింది. రామాంజి మగవాళ్ల వార్డులో మాత్రలు మింగి పడుకున్నాడు. హంపమ్మ కొడుకు మంచానికీ, వార్డు కిటికీకీ మధ్య తిరుగుతూ ఉండేది. లోపలికి పోనిచ్చేవారు కాదు, దగ్గు ఉంది కదా. కిటికీ ఊచలు పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కూతురి రొమ్ము మీద మనవరాలిని చూసేది. ఇద్దరికీ గడ్డం మీద ఒకే గుంట.

మూడో రోజు అలా చూస్తూ చూస్తూ ఉండి అంది: "నిన్ను నేనట్ల ఎత్తుకోలా."

ఉరుకుందమ్మ తల తిప్పకుండానే, "తెలుసు మా" అంది.

"ఎవురు చెప్పినారు?"

"అవ్వ చెప్పినాది. మూడు నెలలు నా పక్కకే రాలేదంట నువ్వు."

హంపమ్మ ఊచలు వదిలి పోలేదు. "అన్నం తిన్న్యావా?" అని అడిగింది.

"లేదు. బిడ్డ పండుకోనుండాది."

హంపమ్మ పోయి పళ్లెంలో సంగటి, గోంగూర పప్పు పెట్టించుకొచ్చి, ఆయా చేతికిచ్చి లోపలికి పంపింది. ఉరుకుందమ్మ ఒంటిచేత్తో తింటుంటే కిటికీ అవతల నిలబడి చూసింది. పళ్లెం ఖాళీ అయ్యాక, "ఇంకొంచెం తెప్పియ్యల్లనా?" అంది.

రామాంజి జ్వరం నాలుగు రోజులకు దిగిపోయింది. ఐదో రోజు ఇడ్లీలు అడిగి తిన్నాడు. హంపమ్మ అతని నుదురు పది సార్లు తడిమి చూసింది. చూసి పదకొండు రోజులు, పన్నెండు రోజులు అని లోలోపల లెక్కపెట్టుకుంటున్నదల్లా ఎక్కడో ఆపేసింది. ఇరవై ఏడో రోజు వచ్చి పోయింది. శాంతి మాట ఆమె ఎత్తలేదు, రామాంజి ఎత్తలేదు.

అంతకు ముందే, పదిహేడో రోజున, శివలీలను చక్రాల కుర్చీలో బాలింతల వార్డుకు తెచ్చారు. ఉరుకుందమ్మ ముడి విప్పబోతే శివలీల చేతులు వెనక్కి లాక్కుంది. "నా వల్ల కాదు వదినా. నా దగ్గరికొస్తే మళ్లా ఏమన్నా అయితాది. నా కడుపులోనే సరిగ్గా ఉండనీలేదు నేను."

ఎవరేం చెప్పినా వినలేదు. అప్పుడు రామాంజి ఆమె పక్కన కూర్చున్నాడు. "నాకూ భయమే అయ్యినాది. ఊపిరి తీసేదానికే భయపడితి. నువ్వేం చెయ్యాల్సిన పని లేదు లీలా, కదలకుండా కూర్చుంటే చాలు. పనంతా అదే చేసుకుంటాది."

సంతోషమ్మ బిడ్డను తీసి శివలీల రొమ్ము మీద పెట్టింది. బిడ్డ కాసేపు కదలకుండా ఉంది. తర్వాత తల కొద్దిగా పక్కకు తిప్పి, మూతితో వెతకడం మొదలుపెట్టింది. తండ్రి దగ్గరా, అత్త దగ్గరా ఎన్నడూ చేయని పని. దొరికింది పట్టుకుని, రెండు గుటకలు వేసి, అలిసిపోయి నిద్రపోయింది. శివలీల దాని టోపీ మీద గడ్డం ఆనించి ఏడ్చింది. పెద్దక్క చీర తెర లాగేసింది.

ఆ తర్వాత ముగ్గురూ వంతులు వేసుకున్నారు. తూకం ముల్లు పన్నెండొందలు దాటింది, పద్నాలుగు దాటింది. వార్డులో అలాంటి బిడ్డే ఇంకొకటి పుడితే, ఆ బిడ్డ తండ్రి ప్రేమయ్య అనే లారీ డ్రైవరు మొదట ససేమిరా అన్నాడు. డాక్టరు పద్మప్రియ అతన్ని రామాంజి మంచం దగ్గరికి పంపింది. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. ప్రేమయ్య బయటికొచ్చి స్నానానికి వేడినీళ్లు ఎక్కడని అడిగాడు.

ముప్పై ఐదో రోజున, పదహారొందల గ్రాములతో, బిడ్డను ఇంటికి పంపారు. ఇంట్లో కూడా ఇంకా కట్టుకునే ఉండాలని, వారం వారం తెచ్చి చూపించాలని పద్మప్రియ కాగితం మీద రాసి ఇచ్చింది. ఉరుకుందమ్మ వాళ్లతోనే వచ్చింది. ఇంట్లో వంట ఆమెది, నీళ్లు హంపమ్మవి. రామాంజి పనికి పోయి సాయంత్రం రాగానే స్నానం చేసి, చొక్కా తొడుక్కోకుండా బిడ్డను కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఫ్యాక్టరీ వాళ్లు దారిన పోతూ నవ్వేవాళ్లు. వాళ్లలో ఒకడు మాత్రం ఒకరోజు ఆగి, ఒక్కసారి చూపించమని అడిగి, చూసి పోయాడు. గనిలోనూ ఫ్యాక్టరీలోనూ తాళ్లు పాతబడితే రామాంజి పట్టుబట్టి మార్పించేవాడు. దానికి మేస్త్రీ చేత తిట్లు కూడా తిన్నాడు.

మాఘమాసంలో హంపమ్మ కళ్లె పరీక్ష చేసి, ఇక భయం లేదన్నారు. ఆమె మూతికి గుడ్డ కట్టుకుని, మనవరాలిని మొదటిసారి ఎత్తుకుంది. అప్పటికి బిడ్డ రెండున్నర కిలోలు. పేరు శివలీల పెట్టుకుంది: సంతోషి. సిస్టరమ్మ పేరుకు దగ్గరగా ఉండాలని.

ఇంకొక వారానికి ఉరుకుందమ్మ ఆత్మకూరుకు బయలుదేరింది. రామాంజి బస్టాండు దాకా వెంట వచ్చాడు. నంద్యాల మీదుగా పోయే బస్సు నిలబడి ఉంది. ఉరుకుందమ్మ ఎక్కబోతుంటే వెనకనుంచి హంపమ్మ ఆయాసపడుతూ వచ్చింది. చంకలో మూట, చేతిలో మాత్రల కవరు.

"యాడికి మా?" అన్నాడు రామాంజి.

"నీ చెల్లెలింటికి. రెండేండ్లాయె ఇచ్చి చేసి. దాని ఇల్లు ఎట్లుండాదో నేను చూడనే లేదు." కూతురి వైపు తిరిగి, కాస్త జంకుతూ అడిగింది. "పది దినాలుంటా. వద్దంటావా?"

ఉరుకుందమ్మ తల్లి చంకలో మూట అందుకుంది. "ఎక్కు మా, సీట్లు దొరకవు" అంది.

ఇద్దరూ ఎక్కారు. కిటికీ పక్క సీటు తల్లికిచ్చి, ఉరుకుందమ్మ ఆమెను ఆనుకుని కూర్చుంది.